కూత తిమ్మప్ప కూతురు

పోయిన నెల మా చిన్నాయన మనవరాలి నిశ్చితార్థానికి గద్వాల వెళ్ళాను. స్టేషను దారిలో కొత్తగా కట్టిన ఫంక్షన్ హాలు. లోపల చల్లగా, ఏ ఊళ్ళో ఉన్నామో తెలియనంత శుభ్రంగా ఉంది. భోజనాల వైపు నడుస్తూ ఒకచోట ఆగిపోయాను. కిటికీలోంచి రైలు పట్టాల ఒంపు కనిపిస్తోంది. ఆ ఒంపును బట్టి లెక్క వేసుకుంటే, సరిగ్గా పనీర్ కూర పెట్టిన బల్ల దగ్గరే మా మిల్లు బాయిలర్ ఉండాలి. ఉండబట్టలేక, పక్కన వడ్డన చూసుకుంటున్న అమ్మాయితో "ఇక్కడ బాయిలర్ ఉండె బిడ్డా" అన్నాను. ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా, "బాయిలర్ కోడి ఈ దిక్కు లేదు మేడమ్, నాన్‌వెజ్ మొత్తం ఆ దిక్కు పెట్టినం" అని చెయ్యి చూపించింది. నేను కూడా అంతే మర్యాదగా ఆ దిక్కు వెళ్ళి, రెండు ముక్కలు వేసుకుని, ఒక మూల కుర్చీలో కూర్చున్నాను. నవ్వు ఆగలేదు. పక్కన కూర్చున్నావిడ పళ్ళెం పట్టుకుని ఇంకో కుర్చీకి జరిగింది.

అది పల్లీల మిల్లు. చుట్టుపక్కల చేలల్లో పండిన పల్లికాయ ఎడ్లబండ్ల మీద వచ్చి, ఆ గేటులోంచి లోపలికి పోయి, నూనెగా, చెక్కగా, పొట్టుగా మూడు ముక్కలై బయటికి వచ్చేది. నూనె డబ్బాల్లో రైలెక్కేది. చెక్క, అంటే నూనె తీయగా మిగిలిన పిండి, బర్రెలకు పోయేది. పొట్టులో ఎక్కువ వంతు బాయిలర్ తినేది, మిగిలింది మా వీధి తినేది. మా ఇళ్ళన్నింటిలోనూ పొట్టు పొయ్యిలే. ఇనప డబ్బా నడుమ రోకలి నిలబెట్టి, చుట్టూ పొట్టు దట్టించి, రోకలిని ఒడుపుగా పైకి లాగితే నడిమిట్ల బొక్క మిగులుతుంది. దానికి నిప్పు పెడితే ఒక పూట వంట నిమ్మళంగా అయిపోతుంది. లాగేటప్పుడు చెయ్యి వణికితే పొట్టంతా కూలి మళ్ళీ మొదటికి వచ్చేది. మా అమ్మ రోకలి లాగుతున్నంతసేపూ ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు. ఆ పొయ్యి పొగ, వేడి నూనె కమురు, తడిసిన చెక్క పులుపు, ఇవన్నీ కలిసిన వాసనలో మేము పెరిగాము. మాకు అది వాసనని తెలియదు. బళ్ళో మా పంతులమ్మ నా నోటుపుస్తకం దిద్ది, వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని, పేరు చూడకుండానే "మిల్లు వీధి పిల్లవా?" అనేది. మా బట్టలు పిండితే నూనె వస్తుందని, మా ఇళ్ళలో తాలింపుకు వేరే నూనె అక్కర్లేదని ఊళ్ళోవాళ్ళు అనేవారు. మా అవ్వకు ఆ మాట కోపం. నేను మాత్రం నిజమేనేమోనని ఒకసారి లంగా పిండి చూసుకున్నాను.

మా నాయిన తిమ్మప్ప ఆ మిల్లులో బాయిలర్ చూసేవాడు. బాయిలర్ అంటే పొట్టు వెయ్యడం, నీళ్ళు చూడడం, ఆవిరి చూడడం. కానీ ఊరికి ఆయన తెలిసింది వీటి వల్ల కాదు. ఆవిరి కూత వేసే గొలుసు ఆయన చేతిలో ఉండేది. పొద్దున్న ఆరింటికి ఒకటి, పన్నెండుకు ఒకటి, సాయంత్రం ఆరింటికి ఒకటి. అందుకే ఆయన పేరు కూత తిమ్మప్ప. మా అమ్మ కూత తిమ్మప్ప పెళ్ళాం, నేను కూత తిమ్మప్ప కూతురు. ఈ మాట గబగబా అనమని బళ్ళో పిల్లలు ఒకళ్ళతో ఒకళ్ళు పందెం వేసుకునేవాళ్ళు. నాయిన కూతకు ఒక తీరు ఉండేది. సన్నగా మొదలై, లావెక్కి, చివర చిన్న వంపు తిరిగి ఆగేది. ఆ వంపును బట్టి ఆయనకు ఆ రోజు కోపంగా ఉందో సంతోషంగా ఉందో మా వీధి ఆడవాళ్ళు చెప్పగలిగేవాళ్ళు. నేను పుట్టిన రోజు పగటి కూత ఎంత పొడుగు వేశాడంటే, ఆవిరి దిగిపోయి గానుగలు ఆగిపోయాయట. మిల్లు యజమాని సేటు కేకలేస్తే, "ఆడపిల్ల పుట్టింది సేటూ, ఎట్ల ఆపాలె" అన్నాడట.

ఇంత ఊరికి పొద్దు చెప్పే మనిషికి గడియారం లేదు. మిల్లు ఆఫీసులో గోడ గడియారం ఉండేది కానీ, గుమాస్తా ఎనిమిదింటికి వచ్చి తాళం తీస్తేగాని దాని ముఖం కనిపించదు. మరి ఆరింటి కూత ఎట్లా? దానికి మా అవ్వ ఉంది. నాయినకు తల్లి. ఆమెకు నశ్యం అలవాటు. ఏ కాలమైనా, వాన పడనీ చలి పెట్టనీ, ఒకే వేళకు లేచి, మంచం మీదే కూర్చుని చిటికెడు నశ్యం పీల్చి, వరసగా మూడు తుమ్ములు తుమ్మేది. మొదటి తుమ్ముకు నాయిన లేచేవాడు. మొహం కడుక్కుని, మిల్లుకు నడిచి, ఆవిరి చూసుకుని, గొలుసు లాగేసరికి ఆరు. ఒకటి రెండు నిమిషాలు అటూ ఇటూ. అంటే పాల వాళ్ళూ, చేనేత మగ్గాల వాళ్ళూ, బడి పిల్లలూ, మొత్తం ఊరంతా మా అవ్వ తుమ్ముతో లేచేదన్నమాట. ఈ సంగతి మా ఇంట్లో నలుగురికి తప్ప ఎవరికీ తెలియదు. అవ్వకు మాత్రం ఆ గర్వం నడకలో కనిపించేది. ఒకసారి ఆమెకు జలుబు చేసి నడిజాములో తుమ్మితే, అమ్మ పరుగున పోయి నాయిన కాళ్ళు పట్టి ఆపింది.

నాకు తొమ్మిదో పదో ఏళ్ళప్పుడు మిల్లుకు కరెంటు వచ్చింది. వీధుల్లో స్తంభాలు ముందే ఉన్నాయి. ఇప్పుడు గానుగలను కూడా మోటార్లతోనే తిప్పుతామని సేటు అన్నాడు. బాయిలర్ తీసేస్తామని అనలేదు, "సూద్దాం" అన్నాడు. ఆ మాట వినివచ్చిన నాడు నాయిన అన్నం దగ్గర కూర్చుని, "సూద్దాం అన్నడు" అని మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ మా అమ్మ "మంచిదే గద" అంది. ఎవరికీ మంచిగా అనిపించలేదు.

మోటార్లు పెట్టడానికి వనపర్తి నుంచి సామ్యేలు అనే ఆయన వచ్చాడు. ఇరవై అయిదేళ్ళుంటాయేమో. చొక్కా జేబులో కలానికి బదులు టెస్టరు పెట్టుకునేవాడు. నెమ్మది మనిషి. నాయినను "పెద్దాయనా" అనేవాడు. నాయినకు అది కూడా నచ్చలేదు, తనకింకా నలభై నిండలేదని. మోటార్ల కంటే ముందు సామ్యేలు చేసిన పని ఆఫీసు కప్పు మీద సైరన్ పెట్టడం. బూరలాంటి మూతి, వెనుక చిన్న మోటారు, కింద గోడకు ఒక డబ్బా, డబ్బాలో ఎర్రటి బొత్తాం. అంతే. సోమవారం నుంచి ఆవిరి కూత ఆపి దీన్ని వాడతామన్నారు. శనివారం నాడు నాయిన ఆ డబ్బా ముందు నిలబడి, గొలుసు కోసం వెతుకుతున్నట్టు చూస్తుంటే, సామ్యేలు వచ్చి భుజం మీద చెయ్యేసి, "దీంట్ల భయపడేదేం లేదు పెద్దాయనా, చిన్నపిల్ల గూడ నొక్కొచ్చు" అన్నాడట.

ఆ పూట నాయిన జొన్నరొట్టె ముట్టలేదు. పళ్ళెం ముందు కూర్చుని రొట్టెను నాలుగు ముక్కలు చేసి, మళ్ళీ ఆ నాలుగింటినీ కలిపి పెట్టి, లేచిపోయాడు. అమ్మ వెంటపడి అడిగితే ఆ మాట చెప్పాడు. "పన్నెండేండ్లు ఆ గొలుసు పట్టుకున్న. చిన్నపిల్ల నొక్కొచ్చంట." అవ్వ మూలన కూర్చుని వక్క కత్తిరిస్తోంది. అడకత్తెర ఆపి, "ఎవరు నొక్కొచ్చన్నడు?" అంది.

"చిన్నపిల్ల."

అవ్వ అడకత్తెర కింద పెట్టింది. నా వైపు చూసింది. నాకు అప్పుడు గవదబిళ్ళలు. రెండు దవడలూ ఉబ్బి, పసుపు పట్టు వేసి, గడ్డం కింద నుంచి నడినెత్తి దాకా పాత పంచె ముక్కతో కట్టు కట్టి ఉంది. బడికి పోక వారమైంది. ఆమె చూసిన చూపుకు అర్థం నాకు సోమవారం పొద్దున గాని తెలియలేదు.

సోమవారం ఆరింటికి కొత్త సైరన్ మోగింది. సామ్యేలే నొక్కాడు. నాయిన బాయిలర్ దగ్గరే ఉండిపోయాడు. ఆ కూతకు మొదలూ లేదు, చివరా లేదు, వంపు అసలే లేదు. మా వీధి ఆడవాళ్ళు బయటికి వచ్చి, ఏ భావమూ పట్టుకోలేక, లోపలికి పోయారు. పదిన్నర ప్రాంతంలో అవ్వ నాయిన అన్నం గిన్నె తీసుకుని నన్ను వెంటబెట్టుకుని మిల్లుకు బయలుదేరింది. ఎప్పుడూ పన్నెండు కూత అయ్యాక పోయేది. "ఇప్పుడే ఎందుకవ్వా?" అంటే, "నడువు, జర పనున్నది" అంది. గేటు దగ్గర ఎవరూ ఆపలేదు, మేము మిల్లు మనుషులమే. ఆఫీసు వరండాలో ఎవరూ లేరు. గుమాస్తా లోపలి గదిలో లెక్కల్లో ఉన్నాడు. సామ్యేలు అవతల గోదాము కప్పు మీద వైరు లాగుతున్నాడు. సేటు గేటు అవతల హోటల్లో చాయ్ తాగుతున్నాడు. అవ్వ డబ్బా మూత తీసింది.

"నొక్కు" అంది.

"నేనా?"

"చిన్నపిల్ల నొక్కొచ్చని ఆయననే అన్నడు గద. నువ్వు నొక్కు. అది పలుకదు. పలుకకపోతే ఆయన అబద్ధమాడినట్టు. పదిమందిల అడుగుత."

ఈ వయసులో ఆలోచిస్తే ఆమె తర్కంలో ఏ లోపమూ కనిపించదు. ఒక్క సంగతి తప్ప. అది పలికింది. నేను నొక్కగానే నెత్తిమీద ఆకాశం చిరిగినట్టు మోగింది. భయపడి వేలు తీసేశాను. వేలు బయటికి వచ్చింది కానీ బొత్తాం రాలేదు. లోపలే ఉండిపోయింది. అవ్వ గోరుతో పీకింది, అన్నం గిన్నె గరిటె పెట్టి గీకింది, చివరకు డబ్బాను ఒక్కటి చరిచింది. ఆపైన మూత పెట్టేసి, నా చెయ్యి పట్టుకుని, ఏమీ జరగనట్టు బాయిలర్ దిక్కు నడక మొదలుపెట్టింది.

తర్వాత జరిగిందంతా ఊరికి వేళ ఎక్కడి నుంచి వస్తుందో తెలియజేసేటట్టు జరిగింది. కాయ చెరిగే ఆడవాళ్ళు చాటలు దించి, కొంగులు దులుపుకుని, పన్నెండైందని గేటు దాటి వెళ్ళిపోయారు. బళ్ళో పెద్దసారు గంట కొట్టించి పిల్లలను వదిలేశాడు. ఇళ్ళలో పప్పు ఉడకనే లేదని ఆడవాళ్ళు తమను తామే తిట్టుకున్నారు. హోటలాయన అప్పుడే పొయ్యిమీద పెట్టిన అన్నం దించి, పలుకుమీదే వడ్డించాడట. కూత ఆగకపోయేసరికి జనానికి అనుమానం వచ్చింది. మిల్లు కాలిపోతోందని కొందరు, యుద్ధమొచ్చిందని కొందరు, సేటు పోయాడని కొందరు గేటు దగ్గరికి పరుగెత్తుకొచ్చారు. పోయాడనుకున్న సేటు ఒక కాలికే చెప్పుతో అందరి ముందు పరుగెత్తుతున్నాడు. సామ్యేలు గోదాము కప్పు మీద నుంచి దూకినంత పని చేసి, డబ్బా దగ్గరికి వచ్చి బొత్తాం పీకి చూసి, "మెయిన్ ఆపాలె" అని అరిచాడు. మెయిన్ ఉన్న గదికి తాళం. తాళంచెవి గుమాస్తా మొలతాడుకు. గుమాస్తా కోసం వెతికితే, ఆయన సైరన్ వినగానే లెక్కల పుస్తకం మూసి, భోజనానికి ఇంటికి వెళ్ళిపోయాడని తెలిసింది. పదేళ్ళ నౌకరీలో ఒక్కసారి కూడా కూత అయ్యాక ఒక్క నిమిషం కూర్చోని మనిషి.

అప్పుడు నాయిన వచ్చాడు. బాయిలర్ దగ్గర పడి ఉన్న గోనెసంచులు నాలుగు నీళ్ళలో ముంచి, భుజాన వేసుకుని, నిచ్చెన వేసి ఆఫీసు కప్పు ఎక్కాడు. కింద ఊరంతా చూస్తోంది. ఆయన సైరన్ మూతికి ఒక్కొక్క సంచీ చుట్టి, తాడుతో బిగించి కట్టాడు, నా దవడలకు మా అమ్మ కట్టిన కట్టులాగే. కూత అరుపు నుంచి మూలుగులోకి దిగింది, ఈనలేని బర్రె మూలిగినట్టు. జనం ఒకరి మాట ఒకరికి వినబడి, ఒక్కసారిగా అందరూ మాట్లాడటం మొదలుపెట్టారు. కాసేపటికి గుమాస్తా మూతి తుడుచుకుంటూ వచ్చి, "ఏంది, ఇయ్యాల తొందరగైంది?" అన్నాడు. మెయిన్ ఆపేసరికి కప్పు మీద నుంచి కమురు వాసన. సైరన్ మోటారు కాలిపోయింది.

సేటు చెప్పు లేని కాలు చూసుకుంటూ సామ్యేలుతో, "నీ సామాను నువ్వు సదురుకో. మాకు బాయిలరే మంచిగున్నది" అన్నాడు. సామ్యేలు కప్పు మీద కాలిన సైరన్ వైపు చూశాడు. నేను అవ్వ కొంగు వెనుక ఉన్నాను. అతని చేతులు నల్లగా, జేబులో టెస్టరు ఇంకా ఉంది, దాన్ని ఊరికే తడుముకుంటున్నాడు.

సాయంత్రం నాయిన ఇంటికి వచ్చి నాలుగు రొట్టెలు తిన్నాడు. ఐదోది అడిగాడు. పన్నెండేళ్ళుగా మా అమ్మ ఎప్పుడూ చూడని నవ్వు నవ్వుతూ, "బాయిలరే మంచిగున్నదన్నడు" అని మూడుసార్లు చెప్పాడు. అవ్వ నశ్యం డబ్బీ ఒళ్ళో పెట్టుకుని నిండుగా కూర్చుంది. నేను అన్నం మింగలేకపోతున్నాను. దవడల వల్లనుకుని అమ్మ గంజి తెచ్చింది. గంజి చూడగానే నాకు ఏడుపొచ్చింది. కట్టు కట్టిన నోటితో ఏడిస్తే మాట సరిగా రాదు. "నేనే నొక్కిన" అని నాలుగైదుసార్లు చెబితేగాని ఎవరికీ అర్థం కాలేదు.

నాయిన చేతిలో ఐదో రొట్టె అలాగే ఉంది. అవ్వను చూశాడు. అవ్వ, "నేనేం తప్పు జేసిన? ఆ సామ్యేలు జెప్పిందే జేసిన" అంది. నాయిన రొట్టె పళ్ళెంలో పెట్టేశాడు. చివరకు అమ్మే నెమ్మదిగా అంది.

"సెప్తే నీ బాయిలరు పోతది."

"తెల్సు."

"మరి?"

"సెప్పకుంటే ఆ పిలగాని పని పోతది. ఆయన ఇంట్ల గూడ ఒక పొయ్యి ఉంటది గద" అన్నాడు నాయిన. ఆ తర్వాత చెయ్యి కడుక్కుని, "పొద్దుగాల ముగ్గురం పోదాం" అన్నాడు. అవ్వ వైపు తిరిగి, "నువ్వు గూడ" అన్నాడు. నాయిన అవ్వతో గట్టిగా మాట్లాడింది ఆ ఒక్కసారే నేను విన్నాను. గట్టిగా అంటే అరుపు కాదు. "గూడ" అన్న మాట కొంచెం నొక్కాడు, అంతే.

మర్నాడు పొద్దున సేటు ఇంటి వరండాలో ముగ్గురం నిలబడ్డాము. సామ్యేలు అప్పటికే సంచీతో వచ్చి ఒక మూల నిలబడి ఉన్నాడు, సెలవు తీసుకుని బస్సెక్కుదామని. నాయిన నోరు తెరిచి, మాట రాక, మళ్ళీ మూశాడు. ఊరంతటికీ వినబడేటట్టు కూత వేసిన మనిషికి నాలుగు మాటలు రాలేదు. అవ్వే ముందుకు జరిగింది.

"సేటూ, నొక్కింది ఈ పిల్ల. నొక్కుమన్నది నేను. పలికింది మీ మిషిని. దీంట్ల నా కొడుకు తప్పు లేదు, ఆ పిలగాని తప్పు లేదు. ఎవరినన్న ఎల్లగొట్టాలంటే నన్ను ఎల్లగొట్టుండ్రి. నేను మీ కాడ పని జెయ్యను, గాని అయినా ఎల్లగొట్టుండ్రి."

సేటు అయోమయంగా నన్ను చూశాడు. "ఈ పిల్ల మూతికేమైంది? సైరన్ తగిలిందా?" అని అడిగాడు. "గవదలు సేటూ" అంది అవ్వ, నన్ను బాగా కనబడేటట్టు ఇంకాస్త ముందుకు తోసి. సేటు కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. అప్పుడు సామ్యేలు సంచీ కింద పెట్టి, "ఆ పిల్ల నొక్కితే తప్పేం లేదు సేటు. నొక్కిన బొత్తాం మల్ల బయటికి రావాలె. స్ప్రింగు లూజున్నది. నేనే సూసుకోవాలె" అన్నాడు. నాయిన, "కాదు, మా తప్పే" అన్నాడు. "కాదు పెద్దాయనా, నాదే" అన్నాడు సామ్యేలు. ఇద్దరూ తప్పు నాది నాదని లాగుకుంటుంటే సేటు చాయ్ చల్లారిపోయింది. "ఇద్దరూ పోయి ఆ కాలినదాన్ని బాగుజేసి సూపియ్యుండ్రి. తర్వాత సూద్దాం" అన్నాడు. ఈసారి ఆ "సూద్దాం" అంత చెడ్డగా వినిపించలేదు.

గేటు బయటికి వచ్చాక సామ్యేలు నాయిన పక్కన నడుస్తూ, "పెద్దాయనా, మిమ్మల్ని చిన్నజెయ్యాలని అనలే ఆ మాట. నేను పని నేర్చుకునే నాడు మా మేస్త్రీ నాతోని గట్లనే అన్నడు. నాకు ధైర్యమైంది. మీకు గూడ అయితదనుకున్న" అన్నాడు. నాయిన, "నాకు ఇంకా నలభై నిండలే. అన్నా అను" అన్నాడు.

మూడు వారాలకు సేటుకు గవదబిళ్ళలు వచ్చాయి. ఎక్కడి నుంచి వచ్చాయో మాకు తెలుసు, మేమెవరమూ అనలేదు. ఆయన దవడలకు కట్టు కట్టుకుని ఇంట్లో పడి ఉన్న ఆ రోజుల్లో, ఎవరినైనా తీసేయాలన్నా నోరు తెరుచుకోలేదు. ఈలోపల సామ్యేలు మా ఇంటి వరండాలోనే చాప పరుచుకుని, కాలిన మోటారు విప్పి, నాయినను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. మాడిపోయిన తీగ తీసేసి, కొత్త రాగి తీగ చుట్లు చుట్లుగా వెయ్యాలి. ఎన్ని చుట్లో తప్పకూడదు. లెక్క పెట్టే పని నాది. నూట పద్దెనిమిది దగ్గర అవ్వ తుమ్మితే నేను నూట ఇరవై అన్నానని, మొత్తం విప్పి మళ్ళీ చుట్టారు. నాయిన వేళ్ళు మొరటువి, కానీ తీగ వాటికి మాలిమైంది. తీగకు తీగ ఆనుకుని, దువ్వినట్టు పడేది. సామ్యేలు చూసి, "ఇది నేర్పితే వచ్చేది కాదన్నా" అన్నాడు. నాయిన ఆ మాట ఇంట్లో మూడుసార్లు చెప్పాడు. బాయిలర్ ఆ ఏడాదే చల్లారింది. నాయిన మోటార్ల మనిషయ్యాడు. పొద్దున్నే సైరన్ కూడా ఆయనే నొక్కేవాడు. దానికి మాత్రం వంపు తెప్పించలేకపోయాడు. ఆఫీసు గడియారం ఇప్పుడు వరండాలో పెట్టారు కాబట్టి అవ్వతో అవసరం లేకపోయింది. కానీ ఆమె మరణించే దాకా, తన తుమ్ముకూ సైరన్‌కూ తేడా వస్తే, "ఇయ్యాల గడియారం తప్పింది" అనేది.

అప్పటికీ ఇప్పటికీ పోలిక వేసుకుంటే అప్పుడే బాగుండేదని నేను అనను. పొట్టు పొయ్యి పొగకు మా అమ్మకు జీవితాంతం దగ్గు. కాయ చెరిగే ఆడవాళ్ళకు నలభై ఏళ్ళకే చూపు మందగించేది. ఇప్పుడు వాళ్ళ మనవరాళ్ళు చున్నీ మొహానికి చుట్టుకుని స్కూటీల మీద కొలువులకు పోతున్నారు, వాళ్ళను ఆవిరి కూతల లోకానికి తిరిగి రమ్మనే హక్కు నాకు లేదు. అయితే ఒక్కటి. అప్పుడు ఊరంతటికీ ఒకేసారి ఆకలయ్యేది. ఒకేసారి మెలకువ వచ్చేది. తప్పయితే తప్పు, అందరం కలిసి పదిన్నరకే పన్నెండనుకున్నాం. నిశ్చితార్థం నాడు ఆ హాల్లో మూడు వందల మంది ఉంటారు, ఒక్కొక్కరి జేబులో ఒక్కొక్క గడియారం, ఒక్కొక్కటి ఒక్కొక్క వేళకు మోగుతోంది, ఎవరిది మోగినా పక్కవాళ్ళు తల తిప్పి చూడటం లేదు. నాకు అది వింతగా అనిపించింది. వింత తప్ప మరేమీ కాదు, పెద్దదాన్నయ్యాను కదా.

మిల్లు కూడా మెల్లగా పోయింది. చేలల్లో పల్లికాయ తగ్గింది, బోర్లు పడ్డాయి, వరి వచ్చింది, నూనె ప్యాకెట్లలో వేరే ఊళ్ళ నుంచి రాసాగింది. ఒక ఎండాకాలం సేటు కొడుకులు గేటుకు తాళం వేశారు. నాయినకు అప్పుడు యాభై దాటాయి. వారం రోజులు ఇంట్లో కూర్చుని, ఇంట్లో ఉన్న ప్రతి వస్తువునూ విప్పి బిగించాడు. పాత టార్చిలైటును మూడుసార్లు బాగుచేశాడు, దానికి ఏ రోగమూ లేదు. ఎనిమిదో రోజున వనపర్తి నుంచి సామ్యేలు వచ్చాడు. ఎప్పుడో మిల్లు వదిలి, అక్కడ బోరు మోటార్లు చుట్టే దుకాణం పెట్టుకున్నాడు. చెప్పులు బయట విడిచి, అమ్మ ఇచ్చిన నీళ్ళు తాగి, "అన్నా, మోటార్లు గుట్టలు బడ్డయి. నా కండ్లు మునుపటిలెక్క లేవు. నువ్వు రావాలె" అన్నాడు. సామ్యేలు కళ్ళకు ఏమీ కాలేదని మా అందరికీ తెలుసు. నాయినకు కూడా తెలుసు. మర్నాడు పొద్దున బస్సెక్కాడు.

పదమూడేళ్ళు పోయాడు. వారమంతా వనపర్తిలో, ఆదివారం గద్వాలలో. శనివారం సాయంత్రం బస్సు పెబ్బేరు సంత జనంలో ఇరుక్కుని, ఎడ్లనూ మనుషులనూ దాటుకుని వచ్చేసరికి చీకటి పడేది, ఆయన చొక్కాకు మోటారు తీగకు పూసే వార్నిష్ వాసనతో పాటు పశువుల వాసన కూడా ఉండేది. నేను పెళ్ళయ్యాక ఒకసారి ఆ దుకాణం చూడటానికి వెళ్ళాను. ఇరుకు గది, నేల నిండా విప్పేసిన మోటార్లు, ఎదురెదురుగా రెండు పీటలు, వాటి మీద ఇద్దరూ తల వంచుకుని తీగ చుడుతున్నారు. కొల్లాపూర్ దిక్కు నుంచి ఒక రైతు కాలిపోయిన మోటారు భుజాన మోసుకొచ్చి, గుమ్మంలో నిలబడి, "ఓనరు ఎవరు?" అని అడిగాడు.

సామ్యేలు తల ఎత్తకుండానే నాయిన వైపు చూపించి, "అగో, మా గురువు" అన్నాడు. నాయిన అదే సమయానికి సామ్యేలు వైపు చూపించి, "ఆయన కాడ నేను పని నేర్చుకుంటున్న" అన్నాడు. "అట్లెందుకంటవన్నా?" అన్నాడు సామ్యేలు. "ఉన్న మాటే జెప్పిన" అన్నాడు నాయిన. ఇది వాళ్ళకు రోజూ ఉండే పంచాయితీ అని తర్వాత తెలిసింది. రైతు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. భుజం నొప్పి పుట్టినట్టుంది. మోటారును ఇద్దరి నడుమా నేల మీద దించి, తలగుడ్డ తీసి మొహం తుడుచుకుని, "ఎవరన్న కానియ్యుండ్రి, నా చేను ఎండుతున్నది" అన్నాడు.

ఇద్దరూ ఒకేసారి స్పానర్ కోసం చెయ్యి చాపారు.